ఇంటి నంబర్ చెప్పండి

"ముందు ఇంటి నంబర్ చెప్పండి."

కాలనీ మీటింగ్‌లో అదీ పద్ధతి. నంబర్ చెప్పాకే చేతికి మైకు. ఆ పద్ధతి పెట్టిన మహానుభావుడు ప్రెసిడెంటే.

కాలనీ పక్కన రైల్వే స్టేషన్ కడతారట. దాని చుట్టూ చిన్న చిన్న అద్దె ఇళ్ళు కూడా వేస్తారట. ఆ మాట వినగానే కాలనీ మొత్తం ఒంటికాలి మీద లేచింది.

"స్టేషనొస్తే అడ్డమైనవాళ్ళూ దిగుతారు," అన్నాడు ప్రెసిడెంటు. "ప్రశాంతత కోసం ఇంత దూరం వచ్చాం. మా అమ్మనే చూడండి. పక్షవాతమొచ్చి మంచాన పడ్డ మనిషి, ఇప్పుడు మాట్లాడుతోంది, నాలుగడుగులు వేస్తోంది. అంతా ఈ ప్రశాంతత మహిమే! కార్లున్నాయి, మనకెందుకండీ రైలు?"

ఒకటే చప్పట్లు.

ఆ కార్లలో కూర్చునే రోజూ ట్రాఫిక్‌ని తిట్టుకుంటారు, అది వేరే సంగతి. ప్రెసిడెంటు కూడా తెల్లారకముందే బయల్దేరి, చీకటిపడ్డాక ఇల్లు చేరే మనిషే.

వెనక వరసలో ఒకావిడ చెయ్యెత్తింది. అలిసిన మొహం, భుజాన సంచి, చంకలో గొడుగు.

"స్టేషన్ రావాలండీ."

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అందరూ వెనక్కి తిరిగి చూశారు.

"ఇంటి నంబర్?"

"ఇక్కడ ఇల్లు లేదండీ. రోజూ పనికొస్తాను. మూడు బస్సులు మారాలి. స్టేషన్ పక్కన చిన్న గది దొరికితే..."

ప్రెసిడెంటు విరగబడి నవ్వాడు. "చూశారా! రైలు ఇంకా రానేలేదు, జనం అప్పుడే దిగిపోయారు!"

హాలు గొల్లుమంది.

"ఒక్క మాట సార్. నావల్ల కావట్లేదు. నేను మానేస్తే..."

"మానెయ్యమ్మా! నువ్వు రాకపోతే మాకు తెల్లారదా?"

మైకు ఇంకెవరికో ఇచ్చేశారు. ఆవిడ సంచి సర్దుకుని బయటికి నడిచింది.

ఇంకేముంది, కాలనీ పంతం నెగ్గింది. స్టేషన్ వేరే వైపుకి తరలిపోయింది. ప్రెసిడెంటుకి దండలు వేశారు.

మెడలో దండతోనే ఇంటికొచ్చాడు.

"అమ్మా, గెలిచాం!"

అమ్మ పలకలేదు. మొహం గోడవైపు తిప్పుకుంది.

"ఏమైంది?"

"రెండు రోజులుగా ఇంతేనండీ," అంది భార్య. "మాట లేదు, మంచం దిగదు. నేను పెడితే ముద్ద మింగదు. ఆవిడ మానేసిన దగ్గర్నుంచీ..."

"ఎవరావిడ?"

"అత్తయ్యని చూసుకునే ఆవిడ. మీరు వెళ్ళాక వచ్చి, మీరు రాకముందే వెళ్ళిపోయేదిగా. చంటిపిల్లకి నేర్పినట్టు ఒక్కో మాటా నేర్పింది. చెయ్యి పట్టుకుని నడిపించింది. డాక్టర్ ఏనాడో చేతులెత్తేశాడు కదండీ."

ఆయన దండ తీసి పక్కన పడేశాడు.

"ఎక్కడుంటుందో చెప్పు, కాళ్ళు పట్టుకునైనా తీసుకొస్తా. అయినా ఇదేం పద్ధతి? మానేసేముందు ఒక్క మాట చెప్పాలా వద్దా?"

"నేనూ అదే అడిగానండీ. 'సార్‌కి మీటింగ్‌లో చెప్పబోయానమ్మా, ఇంటి నంబర్ లేదని మైకు ఇవ్వలేదు' అంది."