కేకు బల్ల పక్కన ఇంటర్వ్యూ

ఇవాళ ఆమెతో మాట్లాడి తీరాలి. మాట్లాడి, ఆమె చేత ‘సరే’ అనిపించుకోవాలి. లేకపోతే ఏళ్ళ తరబడి చేసిన పని మూలన పడుతుంది. అంతవరకూ అతనికి స్పష్టంగా తెలుసు. తెలియనిదల్లా నోరు ఎలా తెరవాలన్నదే.

మధుమేహం మీదా, హార్మోన్ల మీదా పరిశోధనలోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్ళు, పేరున్నవాళ్ళతో పరిచయాలు పెంచుకోవడానికి పెట్టిన సదస్సది. ఎవరిని చూసినా మెడలో కార్డు, చేతిలో కాఫీ కప్పు, మొహాన నవ్వు. నిన్నటిదాకా ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా భుజాలు తట్టుకుంటున్నారు. మనవాడు మాత్రం గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు.

పొద్దున బయల్దేరే ముందు అతని భార్య అద్దం ముందు నిలబెట్టి మరీ పాఠం చెప్పింది. ఆమె బళ్ళో టీచరు. నేలచూపులు చూడొద్దంది. చేతులు నలుపుకోవద్దంది. చివరికి చొక్కా కాలరు సర్దుతూ, “మీ సంగతి నాకు తెలుసు. అడక్కుండా తిరిగొచ్చారంటే, ఆ దిగులు మొహం మళ్ళీ నేనే చూడాలి,” అంది.

భార్య పాఠం చాలదనుకున్నాడేమో, సదస్సులో ‘ఒక్క నిమిషంలో మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోవడం ఎలా?’ అనే క్లాసుకి కూడా వెళ్ళాడు. చివరి వరసలో కూర్చుని బుద్ధిగా విన్నాడు. ఇప్పుడు పక్కవాళ్ళతో సాధన చెయ్యండి అన్నారు. పక్కనున్న కుర్రాడు గలగలా చెప్పేశాడు. మనవాడు పేరు చెప్పి, ఆ తర్వాత నీళ్ళు నమిలాడు. పాపం, ఆ కుర్రాడే జాలిపడి, భయపడకండి, అలవాటైపోతుంది అని ధైర్యం చెప్పాల్సి వచ్చింది.

ఇంతకీ అతని గోల ఏమిటంటే, ఇన్సులిన్ తయారుచేసే కణాలు. అతను పనిచేసే ల్యాబులో అవి గాజు పళ్ళెంలో పట్టుమని వారం కూడా బతకడం లేదు. అలసిపోయిన కణాన్ని మళ్ళీ ఎలా లేపాలన్నది అతని పరిశోధన. లేపడానికి ముందు అది బతికుండాలి కదా? పొద్దున అతను మాట్లాడాల్సిన ఆమె వేదికెక్కి, తన చేతిలో అవే కణాలు నెల దాటినా నిక్షేపంగా ఎలా ఉన్నాయో చూపించింది. హాలు హాలంతా నోరెళ్ళబెట్టింది. అప్పట్నుంచీ ఆమె చుట్టూ జనమే.

ఒకసారి ధైర్యం చేసి దగ్గరదాకా వెళ్ళాడు. ఆమె తలతిప్పి చూసేసరికి పక్కనున్న పూలకుండీని పరీక్షగా చూసి వెనక్కి వచ్చేశాడు.

ఇక లాభం లేదని కేకు బల్ల దగ్గరికి చేరాడు. అక్కడికి ఎవరూ రారు. వచ్చినవాళ్ళందరూ చక్కెర జబ్బు మీద పనిచేసేవాళ్ళాయె. నలుగురూ చూస్తుండగా కేకు ముక్క తీసుకునే ధైర్యం ఎవరికుంటుంది? నోరూరుతున్నా దూరం నుంచే చూసి, పళ్ళ ముక్కలవైపు తిరిగిపోతున్నారు. ఏటా ఇదే తంతు. అయినా నిర్వాహకులు కేకు తెప్పించడం మానరు.

అంతలో ఆమే అటు వచ్చింది. అటూ ఇటూ చూసి, ఉన్నవాటిలో పెద్ద ముక్క పళ్ళెంలో వేసుకుంది. అప్పుడు కనిపించాడు అతను.

“మీరు చూళ్ళేదు, నేను తిన్లేదు,” అంది.

“నాది రెండో ముక్కండీ,” అన్నాడు.

ఆమె పకపకా నవ్వి కుర్చీ లాక్కుని కూర్చుంది. అతనూ ఎదురుగా కూర్చున్నాడు. అంతే, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనుకుని, తనెవరో, ఎక్కడ ఏం చేస్తుంటాడో ఒక్క గుక్కలో చెప్పేశాడు. క్లాసులో నేర్చుకున్న వాక్యాలన్నీ ఎగిరిపోయాయి. చివరికి, “మా దగ్గర కణాలు చచ్చిపోతున్నాయండీ. మీతో కలిసి పనిచేసే అదృష్టం ఉంటుందేమోనని...” అని ఆగిపోయాడు.

ఆమె నవ్వు ఆపింది. ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. పళ్ళేలు ఏ వేడిలో ఉంచుతారు, ఏ ద్రవం వాడతారు, ఎన్నాళ్ళకు మారుస్తారు. తెలిసినవాటికి జవాబు చెప్పాడు, తెలియనివి తెలియవన్నాడు.

“సెలవు రోజుల్లో వాటి సంగతి ఎవరు చూస్తారు?”

“నేనేనండీ. మా ఆవిడ కారియర్ కట్టిస్తుంది.”

“ప్రయోగం పాడైతే తిట్లెవరికి పడతాయి?”

“నాకేనండీ,” అన్నాడు దిగులుగా.

ఇంతలో ఓ కోటు పెద్దమనిషి హడావిడిగా వచ్చి, ఆమెకి తన కార్డు అందించి, తమ సంస్థలో ఉన్న ఖరీదైన యంత్రాల గురించి ఏకరువు పెట్టాడు. మనవాడి పైప్రాణాలు పైనే పోయాయి. అంత పెద్ద సంస్థ ముందు తనెంత? లేచి వెళ్ళిపోదామా అనుకున్నాడు. ఆమె మాత్రం, మేం మాట్లాడుకుంటున్నామండీ, తర్వాత కలుస్తాను అని ఆయన్ని మర్యాదగా పంపేసింది.

తర్వాత తీరిగ్గా కేకు ముక్క తినడం మొదలుపెట్టింది. అతను చేతులు నలుపుకోకూడదని చేతుల మీదే కూర్చున్నాడు. ఒకరిని ఇలా అడగడం ఇంత నరకమని తెలిస్తే ఎవరైనా ఈ లోకంలో చదువుకుంటారా అనిపించింది అతనికి.

ఆమె పళ్ళెం పక్కన పెట్టి లేచింది. అతనూ లేచాడు.

“వచ్చే నెలలో మీ ల్యాబులో చేరతాను సార్,” అందామె, “మొన్ననే పీహెచ్‌డీ చేతికొచ్చింది, నాకిదే మొదటి ఉద్యోగం, డిపార్ట్‌మెంటుకి హెడ్డయ్యుండి మీరే ఇలా వణికిపోతే ఇక నాబోటిది ఏమైపోవాలి?”