తిమ్మమ్మ చెప్పిన నిజం

“ఇద్దరిట్ల నా పెండ్లామెవతె? చెప్పు ముసల్దానా” అన్నాడు దొర, హుక్కా గొట్టం పక్కన పెట్టి.

తిమ్మమ్మ బండి దిగి ఇంకా కాళ్ళయినా కడుక్కోలేదు. బిజినేపల్లిలో ఆమెను ఎక్కించుకున్న మనుషులు అమరచింత దాటి గడీ చేరేదాకా సంగతేమిటో చెప్పలేదు. వాకిట్లో కావలివాడు బక్కయ్య మాత్రం చెవిలో ఒక మాట వేశాడు: “లోపట పాటపెట్టె మోగితే ఆడ నిలవడకు అవ్వా.” పాటకు భయపడే మగవాణ్ణి ఆమె అప్పుడే మొదటిసారి చూసింది. నవ్వుకుంటూ లోపలికి వచ్చింది.

ఇప్పుడు ఎదురుగా ఇద్దరు పడుచులు. ఒకతె దొరసాని జానకమ్మ, తిమ్మమ్మ చనుబాలు తాగి పెరిగిన పిల్ల. రెండోది పెండ్లినాడు ఆమె వెంట అరణంగా వచ్చిన ఆడబాప, పుట్టుదాసి బాలనాగమ్మ. ఆమె తిమ్మమ్మ కన్నకూతురు. ఆ చుట్టరికం దొరకు తెలియదు. ఆడబాపకు తల్లెవరని గడీలలో ఎవరూ అడగరు.

“ఏమైంది దొరా?”

“ఏమైందా? గీ ఆడబాప తానే దొరసానినంటున్నది. మూడో పెండ్లని నేను రాలె, నాకు బదులు తాళికి కత్తిని పంపిన. మేనా దిగిందాంక మొకం చూడలె. పిల్లనిచ్చిన మీ దొర, దొరసాని గత్తర రోగంల పోయిండ్రు. ఇగ సాక్షివి నువ్వొక్కదానివే.”

బాలనాగమ్మ ముందుకు వచ్చింది. కొంగు ఎంత సర్దుకున్నా కడుపు తెలుస్తూనే ఉంది. అది ఎవరి బిడ్డో అడగనక్కరలేదు.

“జర మతికి తెచ్చుకో తిమ్మమ్మా. ఊకచెట్టువాగు కాడ మేనా దించిండ్రు. నీళ్లు తాగనీకె నేను వంగితే ఇది నా చీర గుంజుకున్నది. నోరు తెరిస్తె వాగుల ముంచుత అన్నది. ఒట్టు పెట్టించుకున్నది. దొరసాని బిడ్డనైన నేను దాసినైన.”

కన్నబిడ్డ పేరుపెట్టి పిలవడం తిమ్మమ్మకు చెంపదెబ్బలా తగిలింది. అంతకంటే గట్టిగా తగిలింది ఆ కథ. అది తన కథే! ఇద్దరినీ చెరో పక్కన పడుకోబెట్టుకుని ఎన్నిసార్లో చెప్పింది. వాగు దగ్గర దాసి పెండ్లికూతురిని బెదిరించి చీర మార్చుకుంటుంది. చివరకు రాజుకు నిజం తెలుస్తుంది. ఇట్లాంటి మోసానికి ఏం శిక్ష వెయ్యాలో ఆ దాసి నోటనే చెప్పించి, అదే దానికి వేసి, రాజకుమారిని పక్కన కూర్చోబెట్టుకుంటాడు. ‘అటెన్క?’ అని అడిగేది జానకమ్మ. ‘అటెన్కేముంది? సుకంగ ఉన్నరు’ అనేది తిమ్మమ్మ.

“నువ్వేమంటవ్?” దొర జానకమ్మ వైపు తిరిగాడు.

“నేననేదేముంది? తిమ్మవ్వ ఏం చెప్తె అదే.”

ఆమె ఒంటిమీద తాళి తప్ప నగ లేదు. కాళ్ళ కడియాలు కూడా తీసేసి ఉంది. నింద మోస్తూ నగలు పెట్టుకోలేకపోయిందనుకుంది తిమ్మమ్మ. ముంజేతి మీద మాత్రం గుండ్రంగా కాలిన మచ్చలు కనిపించాయి.

“గవేంది బిడ్డా?”

“హుక్కా నిప్పు వడ్డది.” జానకమ్మ కొంగు కప్పుకుంది.

“సూశినవా!” దొర నవ్వాడు. “హుక్కా నింపే చెయ్యి దొరసానిదెట్లయితది?”

అందగాడు, మాట నెమ్మది. తిమ్మమ్మ కథలో రాజు అచ్చం ఇలాగే ఉండేవాడు. ఇంతటివాడికి ఇద్దరు భార్యలు పోయారట, పాపం.

“సరే, అబద్ధమాడినదానికి ఏం శిక్ష వెయ్యాలె? నువ్వే చెప్పు జానకీ.”

ఆమె మొదటిసారి తలెత్తింది. “తల గొరిగించి పొలిమేర దాటించుండ్రి. మల్ల ఈ గడప తొక్కనియ్యొద్దు.”

“గంతేనా?”

“గంతే.”

తన చోటు లాక్కోవడానికి వచ్చిన దాసికి ఇంత చిన్న శిక్షా! ఈ పిల్ల మెత్తదనం మారలేదనుకుంది తిమ్మమ్మ.

వేలు ఎటు చూపితే అటే బతుకు. బాలనాగమ్మ వైపు చూపితే ఆ కడుపులో ఉన్నది రేపు గడీలో ఊడ్చే దాసి కాదు, గడీని ఏలే దొర. కూతురి కళ్ళు ఆమెను అదే అడుగుతున్నాయి. జానకమ్మ కళ్ళు కూడా ఏదో అడుగుతున్నాయి. న్యాయమే అడుగుతున్నాయనుకుంది తిమ్మమ్మ.

“గీమెనే జానకమ్మ, దొరా. ఎడమ చెవి ఎన్క పుట్టుమచ్చ ఉంటది, సూసుకోండ్రి.” ఆమె బాలనాగమ్మ వైపు తిరిగింది. “అది నా కడుపున పుట్టింది. కన్నబిడ్డ మీద ఎవతన్న అబద్ధం చెప్తదా?”

దొర చూసుకున్నాడు. చాలనట్టు చెయ్యి ఊపాడు.

మంగలి దగ్గరకు ఈడ్చుకుపోతుంటే బాలనాగమ్మ ఏడవలేదు. గుమ్మం దగ్గర మాత్రం ఆగి వెనక్కి చూసింది.

“నీకు కథ సక్కంగ ముగియాలె గద, అవ్వా.”

దొర లేచి లోపలికి వెళ్ళాడు. పాటపెట్టెకు తాళం తిప్పుతున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడుకు దాసీలు ఒక్కొక్కరే చావడి ఖాళీ చేశారు. తిమ్మమ్మ ఆ సంగతి గమనించలేదు. జానకమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

“నా పాలకు నేను అన్నాయం చెయ్యలె తల్లీ. దాని రాత ఎట్లుంటే గట్లయితది. నువ్వు సుకంగ ఉండు.”

ఆ చేతులు చల్లగా ఉన్నాయి.

“కన్నతల్లివి గద. దాని దిక్కే చెప్తవ్, నన్ను పొలిమేర దాటిస్తరనుకున్నం” అంది జానకమ్మ.

“అనుకున్నమా? ఎవలెవలు?”

లోపల పాట అందుకుంది. “జానకీ!” అని నెమ్మదిగా పిలిచాడు దొర. జానకమ్మ కొంగు తీసి, కాలిన ముంజేతిని ఒకసారి చూసుకుని, లేచింది.

“ఆ అబద్ధం దానికి నేర్పింది నేనే, తిమ్మవ్వా.”