పిలాతు వంతు

“సిలువ వేయండి!” అని గట్టిగా అరవమంటే గుడిలో ఒక్కరూ నోరు విప్పలేదు.

“ఏమ్మా, అర్థం కాలేదా?” ఫాదర్ చిన్నప్ప మళ్ళీ మొదలుపెట్టారు. “రేపు మ్రానికొమ్మల ఆదివారం. ఇన్నాళ్ళూ ప్రభువు సిలువ పాటుల చరిత్ర లాటిన్‌లో నేనొక్కణ్ణే చదివాను, మీరు జపమాలలు తిప్పుకున్నారు. ఇకమీదట తెలుగులో, అందరం కలిసి చదవాలి. క్రీస్తు ప్రభువు మాటలు నావి. తీర్పు చెప్పే పిలాతు వంతు మన ఉపదేశి ఇన్నయ్యది. మీరంతా జనం. ఈయన్ని ఏం చేయమంటారని పిలాతు అడగ్గానే మీరు అరవాలి.”

ముందు వరసలోంచి శౌరమ్మ లేచింది. “ఆయన్ని చంపమని మా నోటితో అనమంటారేంటి ఫాదరుగారూ? కళ్ళు పోవూ?”

“చదవడమేనమ్మా, మనసులోంచి కాదు.”

“చదవడమైనా సరే. గుంటూరు నుంచి ఈ కల్లూరు క్యాంపుకి ఆయన్ని నమ్ముకునేగా వలసొచ్చాం!”

ఫాదరు బతిమాలారు, కసిరారు, చివరికి తనే అరిచి చూపించారు. ఎంత చేసినా బయటికొచ్చింది సణుగుడే. జనం చేత మోకాళ్ళు వేయించడం తేలిక గాని అరిపించడం ఇంత కష్టమని గురువిద్య నేర్పిన చోట ఆయనకెవరూ చెప్పలేదు.

“సరే, అది వదిలేద్దాం. ఇన్నయ్యా, ఈ పాపం నాది కాదని పిలాతు చేతులు కడుక్కునే చోటు నువ్వు చదువు. అదిగో, చెంబూ పళ్ళెం బల్ల మీద ఉన్నాయి.”

ఆలస్యంగా వచ్చిన ఇన్నయ్య కండువాలోంచి చేతులు తీయకుండా నిలబడ్డాడు. “ఉత్తినే చదివితే చాలదా ఫాదరుగారూ?”

“చాలదయ్యా. అందరూ చూస్తుండగా నిజంగా కడుక్కోవాలి.”

ఇన్నయ్య కదల్లేదు. అంతలో కాలవ గట్టు నుంచి రాయప్ప రొప్పుతూ లోపలికొచ్చాడు.

“కొంప మునిగింది! మన పంటకాలవకి ఎవడో గండి కొట్టాడు. మొన్న గట్టుకి పోసిన ఎర్రమొరం మట్టి చేతుల్తో తోడేశాడు. నీళ్ళన్నీ పల్లపు చేలల్లోకి పోతున్నాయి!”

వరి పొట్టకొచ్చి ఉంది. ఈ తడి తప్పితే మళ్ళీ నీళ్ళ వంతు వచ్చేసరికి మిగిలేది గడ్డే. జనమంతా ఒక్కసారిగా లేచారు. వాళ్ళ కళ్ళు గుమ్మం దగ్గర కూర్చున్న తాయప్ప మీద పడ్డాయి. క్యాంపు పక్కనున్న పాత ఊరివాడు, ఇన్నయ్య దగ్గర జీతగాడు, ఈస్టరుకి జ్ఞానస్నానం తీసుకోవలసినవాడు. మోకాళ్ళ దాకా నల్లరేగడి బురద.

“వీడే! పల్లంలో వీడికీ ఓ మడి ఉంది!”

“నేను గాదు!” తాయప్ప ఇన్నయ్య వైపు తిరిగాడు. “పొద్దుగాల కెల్లి మా అయ్య చేన్లనే పని జేస్తున్న. పల్లంల నా మడి పక్కకే ఉంది గద ఆ చేను! అయ్యా, జెర నువ్వన్న చెప్పు!”

ఇన్నయ్య నోరు తెరిచాడు. జనం వంక చూశాడు. “నాకేం తెలుసు? మీ ఇష్టం” అన్నాడు.

“కట్టెయ్యండి వాణ్ణి!”

“కాలవలో తొక్కెయ్యండి!”

గుడి దద్దరిల్లింది. అందరికంటే పైన వినిపించింది శౌరమ్మ గొంతే.

ఫాదరు గుమ్మానికి అడ్డంగా చేతులు చాచారు. “వాడేం చేశాడయ్యా? ఎవరు చూశారు?” ఆయన అడిగినకొద్దీ వాళ్ళు ఇంకా గట్టిగా అరిచారు. ఎవరి భుజమో తగిలి ఆయన వెళ్ళి గోడకు కొట్టుకున్నారు. తాయప్పను ఈడ్చుకుపోతుంటే ఆపలేక, చూడలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇంక వాళ్ళు వింటే ఇన్నయ్య మాటే వినాలి. ఆ ఆశతో లోపలికి తిరిగారు.

“పరుగెత్తి చెప్పవయ్యా, వాడు నీ చేలోనే ఉన్నాడని…”

ఇన్నయ్య బల్ల దగ్గర ఉన్నాడు. తలెత్తకుండా, చెంబు వంచుకుని చేతులు కడుక్కుంటున్నాడు. గోళ్ళ సందుల్లోంచి కారిన మొరంతో పళ్ళెంలో నీళ్ళు ఎర్రబడ్డాయి.