కోట కింది ఇల్లు

"కోట కనిపించింది ఇలోనా, బాగుచేసి నిలబెట్టారు," అంది అనురాధ, ఐప్యాడ్‌లో ఆ హంగేరీ పల్లెను వెతికి పట్టుకుని.

అమెరికాలోని క్యారీ ఊళ్లో అనురాధ పక్కింటి ముసలావిడ ఇలోనా. చూపు మందగించింది. చిన్నప్పుడు వదిలొచ్చిన ఆ ఊరికి వచ్చే వారమే ప్రయాణం.

"కోట కిందే మా ఇల్లు. ఉందా?"

అక్కడ పార్కింగ్ లాట్ ఉంది. నిజం చెప్పడానికి అనురాధకు నోరు రాలేదు.

"ఉంది. వీధి తలుపుకి ఆకుపచ్చ రంగు వేశారు."

ఇలోనా కాఫీ కప్పు కింద పెట్టింది.

"మా ఇంటికి వీధివైపు తలుపే లేదమ్మా. అక్కడ ఏముందో చెప్పు."

"పార్కింగ్. కోట చూడ్డానికొచ్చిన వాళ్ల కార్లు." అనురాధ తల దించుకుంది. "టికెట్ క్యాన్సిల్ చేయమంటారా?"

"వద్దు," అంది ఇలోనా. "ఆ కార్ల మధ్యే కాసేపు నిలబడి వస్తాను."