మామిడిపిందె గుర్తు

ఆమె గుమ్మంలో నిలబడగానే ఫిరోజ్‌కు ఒళ్లు మండిపోయింది.

హిందూపురంలో వీడియో గేమ్స్ అంగడికి ఆడవాళ్లు ఒక్క పనికే వస్తారు. కొడుకు చెవి పట్టుకుని ఈడ్చుకుపోవడానికి. ఆ నెలలోనే ఏడుగురు వచ్చి దుమ్మెత్తి పోసి వెళ్లారు. పైగా ఆ తల్లులంతా కలిసి, అంగడి మూయించమని అర్జీ రాసి ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టిస్తున్నారని వారం నుంచి ఒకటే పుకారు.

ఈమెకు నలభై అయిదేళ్లుంటాయి. భుజాన గుడ్డసంచి. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం.

"ఫిరోజ్ అంటే నువ్వేనా అప్పా?"

"నేనే. నీ కొడుకు పేరు చెప్పు. ఈడుంటే పంపిస్తా."

"నాకు కొడుకుల్లేరు."

"అయితే మొగుణ్ణి ఎతుక్కుంటాండాదన్నా," అన్నాడు నితిన్. డిగ్రీ కాలేజీ ఎగ్గొట్టి పొద్దస్తమానం అక్కడే ఆడేవాడు. లోపలున్న నలుగురూ పగలబడి నవ్వారు.

ఆమె ఆ మాట పట్టించుకోలేదు. నేరుగా లోపలికొచ్చి టీవీకి జానెడు దూరంలో మొహం పెట్టి చూసింది.

"ఇంకా మూడో అంతస్తులోనే ఉండారా?" అంది.

"ఎవుడో ఇంట్లో మన ఆట సంగతంతా కక్కినాడన్నా," అన్నాడు నితిన్.

"ఏమ్మా, టీవీ మింద పడతావా ఏమి? ఎనక్కి రా," అని గదిమాడు ఫిరోజ్.

ఆమె వెనక్కి తిరిగి కాగితం చాచింది.

"ఇది నీకిచ్చి పోదామని..."

అర్జీ!

ఫిరోజ్ ఆ మాట పూర్తి కానివ్వలేదు. నాయన వదిలిపోయిన కుట్టుమిషను అమ్మి కొన్నాడు ఈ సీడీ గేమ్ మిషను. అంగడి మూతపడితే వాడికి ఇంకో బతుకుతెరువు లేదు. కాగితం లాక్కుని, మడత కూడా విప్పకుండా చించాడు. రెండు ముక్కలు, నాలుగు, ఎనిమిది. గుమ్మంలోంచి వీధి కాలవలోకి విసిరేశాడు.

"పోయి మీవాళ్లకు చెప్పు. మీ సంతకాలు కాలవలో ఉండాయని."

కుర్రాళ్లు ఈలలు వేశారు.

ఆమె కాలవ వైపు కాసేపు చూసింది. ఏడవలేదు, తిట్టలేదు.

"ఒకసారి విప్పి చూసింటే బాగుండు," అని గోడ పట్టుకుని, కాలితో మెట్టు తడుముకుంటూ దిగింది.

"పొద్దున్నే మందేసుకోని వచ్చినట్టుండాది," అన్నాడు నితిన్. మళ్లీ నవ్వులు.

ఫిరోజ్‌కు కడుపు చల్లబడింది. గడియారం చూసుకున్నాడు. పదకొండు దాటింది. ధర్మవరం గురువుగారు వచ్చే వేళ.

గురువుగారిని అక్కడ ఎవరూ చూడలేదు. కానీ ఆయన లేకపోతే ఆ అంగడే లేదు. కుర్రాళ్లు అక్కడ ఆడేది జపాను నుంచి వచ్చిన కత్తి ఆట. కొడుతూ పోతే వీరుడికి బలం పెరుగుతుంది, కోటలు దాటాలి. రాతంతా జపాను అక్షరాలే, ఒక్క ముక్క అర్థం కాదు. రెండేళ్ల కింద ఆట క్యాసెట్టులో వచ్చినప్పుడు, ప్రతి కోటకూ గళ్ల కాగితం మీద దారి గీసి పంపించాడా మహానుభావుడు. గడికి ఒక అడుగు లెక్క. ప్రతి కాగితం మూలా పేరుకు బదులు ఒక మామిడిపిందె. పెనుకొండలో ఇలాంటి ఆటల అంగడే నడిపే నిజాముద్దీన్ వాటిని జిరాక్సు తీసి పంచేవాడు.

ఇప్పుడదే ఆట సీడీలో వచ్చింది. చివరి కోట లోపలంతా మార్చేశారు. పాత మ్యాపు పనికిరాలేదు. మూడు వారాలుగా అందరూ మూడో అంతస్తులో చచ్చి చచ్చి పుడుతున్నారు. విసుగెత్తి సగంమంది రావడమే మానేశారు.

పొద్దున నిజాముద్దీన్ ఫోన్ చేశాడు. "కొత్త మ్యాపు అయ్యింది. నా జిరాక్సు మిషను చెడిపోయుండాది, అందుకని ఉన్న ఒక్క కాగితం గురువుగారే తెస్తాండారు. బాగా చూసుకో అప్పా, ఒక్క మాట పడే మనిషి కాదు."

ఫిరోజ్ పూలదండ తెప్పించి, కుర్చీ తుడిచి, బజ్జీలు చెప్పి పెట్టాడు.

పన్నెండయింది. రెండయింది. ప్యాంటూ షర్టూ వేసుకున్న కొత్త మనిషి ఎవడు కనబడినా ఫిరోజ్ లేచి నిలబడ్డాడు. ఒక్కరూ మెట్టెక్కలేదు. బజ్జీలు చల్లారిపోయాయి.

నాలుగింటికి చెయ్యి కడుక్కోవడానికి బయటికెళ్లిన నితిన్ తడిసిన కాగితం ముక్క పట్టుకుని వచ్చాడు. 

"అన్నా, ఇది గళ్ల కాగితమన్నా."

ముక్క మూలన ఎర్ర సిరాతో గీసిన మామిడిపిందె ఉంది.

ఇద్దరూ కాలవ వెంబడి పరిగెత్తారు. మోకాళ్ల దాకా దిగి వెతికితే ఇంకో రెండు ముక్కలు దొరికాయి. గీతలన్నీ నీళ్లలో కరిగిపోయాయి. మిగతావి పెద్ద మోరీలో కలిశాయి.

ఫిరోజ్ పెనుకొండకు ఫోన్ కలిపాడు.

"నిజామన్నా, ఆ మ్యాపు చినిగిపోయిందన్నా. నాదే తప్పు. గురువుగారి కాళ్లు పట్టుకుంటా, ఇంకొక్కసారి గీసిమ్మని చెప్పన్నా."



"ఇంక యాడ గీస్తాదప్పా," అన్నాడు నిజాముద్దీన్, "రేపు పుట్టపర్తి ఆస్పత్రిలో కండ్లాపరేషను, చూపు నిలుస్తాదని డాక్టర్లే చెప్పలేదు, చీరల అంచులకు డిజైన్లు గీసీ గీసీ కండ్లు పోగొట్టుకున్న మా ఉలిగమ్మక్క, మూడు వారాలు మా టీవీకి మొగమానించి ఆడి, ఉన్న చూపుతో అదొక్కటి గీసి, నీ చేతికిచ్చినాకే ఆస్పత్రికి పోతానని కదా పొద్దున బస్సెక్కింది."