హ్యాండికాప్ ఇరవై ఎనిమిది

పెళ్లిచూపులకొచ్చిన సాఫ్ట్‌వేర్ పైడిబాబు, లాలాగూడ రైల్వే క్వార్టర్ వరండాలో సెల్‌ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "నా హ్యాండికాప్ ఇరవై ఎనిమిది సార్. ముందే చెప్పేస్తున్నాను."

లోపల పెళ్లికూతురి తండ్రి కన్నారావు ఉలిక్కిపడ్డాడు. "విన్నావా? అబ్బాయికేదో అవిటితనముంది. మన దగ్గర దాచేస్తున్నారు."

"నడక బాగానే ఉంది కదండీ?" అంది భార్య రాజులమ్మ.

"పైకి కనపడనిదేమో!"

పైడిబాబు లోపలికి రాగానే, కన్నారావు కూతురు దేవిక ముందే అతన్ని నిలదీశాడు. "నీకేం లోపముంది బాబూ? ఆ ఇరవై ఎనిమిదేంటి?"

పైడిబాబు నవ్వాడు. "అది గోల్ఫ్ మాటండి. మా ఆఫీసువాళ్లతో కొత్తగా ఆడుతున్నాను. ఆటలో ఎవరెంత వెనకబడి ఉన్నారో ముందే ఒక అంకె చెప్పుకుంటారు. అంత వెసులుబాటిచ్చి ఇద్దర్నీ సమానంగా ఆడిస్తారు. అబద్ధం చెబితే మోసమేనండి."

కన్నారావు మనసు తేలికపడింది. "కాజా తీసుకో బాబూ," అన్నాడు.

దేవిక తల్లి వంక చూసింది. రాజులమ్మ వద్దన్నట్టు తల ఊపింది.

"నాకు ఎడమ చెవి వినపడదండి," అంది దేవిక. "మావాళ్లు చెప్పొద్దన్నారు."

కన్నారావు తల దించుకున్నాడు.

పైడిబాబు లేచాడు. తన కుర్చీ తీసుకెళ్లి ఆమె కుడివైపున వేసుకుని కూర్చున్నాడు.