మురుగు తలుపు

"నీరు బాగానే ఉందే!" అన్నాడు వైజాగ్ నుంచి తనిఖీకి వచ్చిన ఆఫీసరు, చోడవరం ఏటి ఒడ్డున నిలబడి.

దేముడమ్మ గబగబా ముందుకొచ్చింది. అట్టల మిల్లు వదిలే మురుగు ఏట్లో కలిసి, ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా పోయి చేపల్ని చంపేస్తోందని ఏడాదిగా ఊరూరా మీటింగులు పెట్టించింది ఆవిడే. మొగ దగ్గరి ఊరే ఆమె పుట్టిల్లు. ఆఫీసరుకి చూపించాలని ఆమె అన్నయ్యతో సహా అక్కడి జాలరులంతా బస్సుల్లో వచ్చేరు. తీరా చూస్తే మిల్లువాళ్ళు ఇవాళ మురుగు కాలవకి అడ్డంగా తలుపు దించేసేరు.

"రోజూ నల్లగా వస్తాది బాబూ! మీరొస్తన్నారనే ఆపేసేరు," అంది దేముడమ్మ.

"కంటికి కనబడనిది నేనెలా రాయను?" అంటూ ఆయన జీపెక్కేడు.

ఆ మిల్లులోనే ఆమె మొగుడు తవిటయ్యకి పని. మీటింగులకి వెళ్ళొద్దని ఇంట్లో రోజూ గొడవే. "మిల్లు మూసేస్తే తినీదేటే?" అనేవాడు.

జీపు స్టార్టయింది. అంతలో గుప్పున కంపు కొట్టింది. కాలవలోంచి నల్లటి నురగ ఏట్లోకి ఉరికింది. జనం కేకలేసేరు. ఆఫీసరు ముక్కు మూసుకుని దిగేడు. సీసాలు నింపించేడు. చెరువులు తవ్వి, మురుగు తేర్చితే గానీ వదలకూడదని ఆర్డరు వేస్తానని అందరి ముందూ చెప్పేడు.

తలుపు దానంతటదే ఊడిపోయిందనుకున్నారంతా.

సాయంత్రం తవిటయ్య వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"ఆ తలుపు నానే ఎత్తేసేనే. రేపట్నించి పన్లోకి రావొద్దన్నారు."

దేముడమ్మ వచ్చి పక్కన కూచుంది.

"మీ అన్నయ్యనడుగు," అన్నాడు తవిటయ్య, "పడవలో నాకో సోటుందేమో."